పాల బండి, పూల బండి, వాద్యారు బండి

నా లెక్కల పుస్తకాల్లో బండ్ల నంబర్లు ఉండవు. “పాల బండి, ప్లగ్గు.” “పూల బండి, ప్లగ్గు, పాయింటు.” “వాద్యారు బండి, ప్లగ్గు తుడిచి వేసినాను, డబ్బు తీసుకోలేదు.” ఇట్లా ఉంటుంది రాత. 1983లో కే.జీ.కండిగైలో రోడ్డు పక్కన, టీ అంగడిని ఆనుకుని తాటాకు పందిరి వేసి షాపు పెట్టిన నాటి నుంచీ రాస్తూ వచ్చాను. అక్షరాలు తెలుగు, అంకెలు ఇంగ్లీషువి. ఇప్పటికి పదకొండు పుస్తకాలు అయినాయి. మొన్న సెలవులకు వచ్చిన మనవరాలు వాటిని తిరగేసి, “తాతా, బండి నంబరు రాయకపోతే అది ఎవరి బండో ఎట్ల తెలుస్తుంది?” అని అడిగింది. పాల బండి అంటే ఏ బండో నాకు తెలుసు, ఇంకెవరికి తెలియాలి అనబోయి ఆగినాను. ఆ పిల్ల అడిగినదాంట్లో నిజముంది. నేను పోతే ఆ పుస్తకాలు చదవగలిగేవాళ్ళు లేరు. అందుకే వాటిలో ఉన్నది విడమరిచి చెప్పాలనిపించింది.

మా కండిగై తిరుత్తణి నుంచి షోళింగూరు పోయే దోవలో ఉంది. అరవంలో కండిగై అన్నా తెలుగులో కండ్రిగ అన్నా ఒకటే మాట. నెల్లూరు, చిత్తూరు జిల్లాల్లో అడుగడుక్కీ ఒక కండ్రిగ తగులుతుంది. నేను పుట్టింది 1958లో. అప్పుడు ఇది చిత్తూరు జిల్లా, ఆంధ్రప్రదేశ్. సరిహద్దుల గురించి పటాస్కర్ చేసిన సిఫార్సుల మీద 1959లో వచ్చిన చట్టం ప్రకారం 1960 ఏప్రిల్ 1న తిరుత్తణి తాలూకా మద్రాసు రాష్ట్రానికి పోయింది. చెంగల్పట్టు జిల్లాలో చేరి, 1997 నుంచి తిరువళ్ళూరు జిల్లాలో ఉంది. నేను ఊయలలో ఉండగానే రాష్ట్రం మారిపోయిందని మా అమ్మ చెప్పేది. ఇంట్లో తెలుగు, సంతలో అరవం. షాపులో ఈ రెండూ కలగలిసిన భాష. నగరి నుంచి, పళ్ళిపట్టు నుంచి, పొదటూరుపేట నుంచి వచ్చేవాళ్ళు ఏ భాషలో మొదలుపెడితే ఆ భాషలో జవాబు చెప్పేవాణ్ణి. సామాన్ల పేర్లు మాత్రం అందరికీ ఒకటే: ప్లగ్గు, చోకు, పాయింటు, కాయిలు.

నా చిన్నతనంలో మా పక్క ఇంజను అంటే బావి గట్టు మీద ఉండేది. డీజిల్ ఆయిల్ ఇంజను. హేండిలు పెట్టి ఇద్దరు తిప్పితే దడదడమని లేచి, చెరుకు తోటకు నీళ్ళు తోడేది. దానికి ప్లగ్గు లేదు. గాలిని గట్టిగా నొక్కితే పుట్టే వేడికే డీజిల్ అంటుకుంటుంది. పెట్రోలు ఇంజను అట్లా కాదు. దానికి ప్రతిసారీ, సరిగ్గా ఆ క్షణానికి, ఎవరో అగ్గిపుల్ల గీసినట్టు నిప్పు అందించాలి. ఆ పని ప్లగ్గుది. ఫ్రాన్సులో లెనోవా అనే ఆయన 1860లోనే తన గ్యాసు ఇంజనుకు విద్యుత్తు నిప్పురవ్వ వాడినాడు గానీ, నమ్మకంగా పనిచేసే పద్ధతి కుదిరింది 1902లో. జర్మనీలో రాబర్ట్ బాష్ కార్ఖానాలో పనిచేసే గాట్లోబ్ హోనోల్డ్ ఎక్కువ వోల్టేజి పుట్టించే మాగ్నెటోను, దానికి తగిన ప్లగ్గును జతగా తయారుచేసినాడు. అదే కాలంలో ఇంగ్లండులో సర్ ఆలివర్ లాడ్జ్ అనే శాస్త్రవేత్త కొడుకులు లాడ్జ్ ప్లగ్గులు మొదలుపెట్టినారు. పుదుపేటలో నేను పని నేర్చుకునేటప్పుడు తుక్కులో లాడ్జ్ ప్లగ్గులు కనబడేవి. ఇత్తడి తలకాయ, పింగాణీ మెడ. వాటిని పారేయడానికి మా ఉస్తాదుకు మనసు వచ్చేది కాదు.

మద్రాసు పుదుపేట సంగతి చెప్పాలి. పాత బండ్లు విప్పి, ముక్క ముక్కగా అమ్మే వీధులు అవి. 1975లో, పదో తరగతి తప్పిన ఏడాది, మా మేనమామ నన్ను అక్కడ ఒక మెకానిక్ దగ్గర చేర్పించినాడు. అందరూ ఆయన్ని ఉస్తాద్ అనే పిలిచేవాళ్ళు, నేనూ అంతే. అప్పటి బండ్లలో మా చేతికి ఎక్కువగా వచ్చేది బుల్లెట్టు. అది మా ఊరి పక్క సరుకే. 1955లో ఇంగ్లండులోని రెడ్డిచ్ కంపెనీతో కలిసి ఎన్‌ఫీల్డ్ ఇండియా తిరువొత్తియూరులో తయారుచేయడం మొదలుపెట్టింది. పిస్టన్లు సెంబియంలోని ఇండియా పిస్టన్స్‌లో, డైనమోలు, కాయిళ్ళు పాడిలోని లూకాస్ టీవీఎస్‌లో తయారయ్యేవి. అంటే బండికి కావలసినవి చాలావరకు మద్రాసు చుట్టుపట్లే పుట్టేవి. ప్లగ్గు మాత్రం బెంగుళూరు నుంచి రావాలి. అక్కడ 1951లో పెట్టిన మోటార్ ఇండస్ట్రీస్ కంపెనీ, అదే మైకో. బాష్ వాళ్ళదే. 2008లో పేరు కూడా బాష్ అయిపోయింది గానీ, మా తరంవాళ్ళకి ఇప్పటికీ ఏ ప్లగ్గయినా “మైకో ప్లగ్గే”.

ఉస్తాద్ నాకు మొదటి ఆరు నెలలు స్పానరు ఇవ్వలేదు. సాయంత్రం పని అయినాక, ఆ రోజు బండ్లలోంచి తీసిన పాత ప్లగ్గులన్నీ న్యూస్‌పేపరు మీద వరసగా పేర్చేవాడు. “తంబీ, చెప్పు, ఇది ఎవరిది?” అనేవాడు. కంపెనీ పేరు చెబితే ఒప్పుకునేవాడు కాదు. “బండి కాదు, మనిషి. ఎవరు నడిపినాడు? ఎక్కడ నడిపినాడు?” నల్లగా, పొడిగా, దీపం మసి పట్టినట్టు ఉంటే చోకు సగం వేసుకునే తిరిగిన మనిషి, లేదా గాలి ఫిల్టరు నెలల తరబడి విప్పనివాడు. నల్లగా, తడిగా, జిడ్డుగా ఉంటే ఆయిల్ పైకెక్కుతోంది, రింగులు పోయినాయి, లేకుంటే టూ స్ట్రోకు బండిలో ఆయిల్ ఎక్కువ కలుపుతున్నాడు. సున్నం కొట్టినట్టు తెల్లగా ఉండి, మొన అంచులు కరిగి గుండ్రబడి ఉంటే బండి కాగిపోతోంది, పెట్రోలు చాలడం లేదు, లేదా ఆ పనికి ఆ ప్లగ్గు తగదు. మంచి రంగు ఏదో చెప్పడానికి ఆయన బిస్కెట్టు చూపేవాడు. నేను ఊరికి వచ్చినాక మావాళ్ళకు చెనిక్కాయ తొక్క చూపేవాణ్ణి. మా పొలాల్లో పండేది అదే కదా. ప్లగ్గు మొన చుట్టూ ఉండే పింగాణీ చెనిక్కాయ తొక్క రంగులో ఉందంటే బండి, మనిషి, పని, మూడూ సర్దుకున్నట్టు.

ప్లగ్గు ఎంచడం అంటే ఏమిటో ఇక్కడ చెప్పేస్తాను. దోసె పెనం ఉందనుకోండి. చాలినంత కాగకపోతే పిండి అంటుకుంటుంది, ఎక్కువ కాగితే మాడుతుంది. ప్లగ్గు మొన కూడా అంతే. సుమారు 450 డిగ్రీల సెంటిగ్రేడు దాటితేనే దాని మీద పడిన మసి, నూనె తమంతట తాము కాలిపోతాయి. 850 డిగ్రీలు దాటి ఇంకా పైకి పోతే మొనే నిప్పుకణిక అయిపోయి, రవ్వ రాకముందే పెట్రోలును అంటిస్తుంది. పైకి వస్తున్న పిస్టను మీద అది ఎదురుదెబ్బ. పిస్టనుకు బొక్క పడేది అట్లానే. ఈ రెంటి మధ్యే ప్లగ్గు బతకాలి. లోపలి పింగాణీ మొన పొడుగ్గా ఉంటే వేడి బయటకి పోవడానికి దూరం ఎక్కువ, కాబట్టి మొన వేడిగా నిలుస్తుంది. దాన్ని హాట్ ప్లగ్గు అంటాము. మొన పొట్టిగా ఉంటే వేడి చప్పున హెడ్డులోకి దిగిపోతుంది. అది కోల్డ్ ప్లగ్గు. చాలామంది హాట్ ప్లగ్గు వేస్తే బండి “హీట్” అవుతుందని, కోల్డ్ వేస్తే చల్లబడుతుందని అనుకుంటారు. ప్లగ్గు ఇంజనులో వేడి పుట్టించదు, తగ్గించదు. తన మొన మీది వేడిని ఎంతసేపు పట్టి ఉంచుకుంటుందన్నదే తేడా.

నేను ఊరికి తిరిగి వచ్చేటప్పటికి రోడ్ల మీద కొత్త బండి వచ్చింది. 1980లో హోసూరులో టీవీఎస్ 50 మొదలైంది. 50 సీసీకి పైసా తక్కువ, టూ స్ట్రోకు, గేర్లు లేవు, ఇద్దరు ఎక్కొచ్చు. సైకిలు తొక్కినవాడికి దాన్ని నేర్పే పని లేదు. మా పక్క రైతుకి, నేతగానికి, పాలవాడికి అది ఎద్దుల బండికీ సైకిలుకీ మధ్య దొరికిన వరం. బుల్లెట్టు ఉన్నోడి బండి. ఇది అందరి బండి. నేను షాపు పెట్టింది దీన్ని నమ్ముకునే.

ఆ మొదటి పుస్తకంలోని నాలుగు బండ్ల సంగతి చెబుతాను. నాలుగూ టీవీఎస్ 50లే.

పాల బండి ఆయన తెల్లారుజామున నాలుగింటికి బయలుదేరి, రెండు క్యాన్లు కట్టుకుని, ఇంటింటికీ ఆగేవాడు. ఆగినప్పుడల్లా ఇంజను ఆపడు, మళ్ళీ తొక్కాలని బద్ధకం కాదు, తొక్కితే పాలు తొణుకుతాయని. అట్లా గంటల తరబడి బండి ఐడిల్లో గునుస్తూ నడిచేది. టూ స్ట్రోకులో పెట్రోలుతోపాటు ఆయిల్ కూడా లోపలికే పోతుంది కదా, మొన కాగకపోతే ఆ ఆయిల్ అంతా దాని మీదే చేరుతుంది. పది రోజులకొకసారి ప్లగ్గు తడిసి బండి ఆగేది. రెండు మొనల మధ్య మసి వంతెన కట్టినట్టు అంటుకునేది. కంపెనీ పుస్తకంలో చెప్పినదానికన్నా ఒక మెట్టు హాట్ ప్లగ్గు వేసినాను. మూడు నెలలు నా షాపు వైపు చూడలేదు ఆయన.

పూల బండి ఆయన పని దీనికి తారుమారు. మల్లెలు, చేమంతులు రెండు బస్తాలు వెనక కట్టి, మద్రాసు పోయే రైలు అందుకోవాలని ఆరక్కోణం దాకా యాక్సిలేటరు విడవకుండా తిప్పి పట్టుకునేవాడు. ఆగడం అనేది లేదు. ఆయన ప్లగ్గు తీస్తే ముగ్గుపిండి చల్లినట్టు తెల్లగా ఉండేది. నేను మొదట ప్లగ్గు మార్చలేదు. కార్బరేటర్ జెట్టులో చెత్త ఉందేమో చూసినాను, ఇంజనుకూ కార్బరేటరుకూ మధ్య గాలి పీలుస్తోందేమో చూసినాను, ఆయిల్ సరిగ్గా కలుపుతున్నాడా అని అడిగినాను. ఆయిల్ తగ్గించి కలుపుతున్నాడు, ఖర్చు కలిసొస్తుందని. అది సరిచేసినాక కూడా తెల్లగానే ఉంటే, అప్పుడు ఒక మెట్టు కోల్డ్ ప్లగ్గు వేసినాను. ఇక్కడ చిన్నవాళ్ళకి ఒక మాట గట్టిగా చెప్పాలి. జబ్బు కార్బరేటరులో పెట్టుకుని, ప్లగ్గు మార్చి దాన్ని మూసిపెట్టకూడదు. కంపెనీ చెప్పిన నంబరే మొదటిది. దాన్నుంచి ఒక మెట్టు ఇటో అటో జరగొచ్చు, అదీ మిగతావన్నీ సరిగ్గా ఉన్నాయని తేల్చుకున్నాక.

పొదటూరుపేట చీరల బండి మూడోది. రెండు మూటలు, వెనక భార్య, ముందు పిల్లాడు. ఎత్తు ఎక్కేటప్పుడు ఆమె దిగి నడిచేది. ఆయన ప్లగ్గు రంగు ఎప్పుడూ చెనిక్కాయ తొక్కే. నేను కంపెనీ నంబరు మార్చలేదు. బరువు మోసే ఇంజను తగుమాత్రంగా కాగుతుంది, మొన శుభ్రంగా ఉంటుంది.

నాలుగోది మా తెలుగు వాద్యారు గారిది. ఆయన ఇంటికీ బడికీ మధ్య ఒక మైలు కూడా లేదు. ఇంజను వేడెక్కేలోపు బడి వచ్చేస్తుంది. చలికాలం చోకు తీయడం మరచిపోయేవారు. వారానికొకసారి ప్లగ్గు నల్లబడేది. దానికి ఏ ప్లగ్గు వేసినా ఒకటే. “అయ్యా, ఆదివారం ఒకసారి తిరుత్తణి దాకా పోయి రండి” అన్నాను. ఆయన నవ్వి, “నీ ప్లగ్గు కోసం నేను సుబ్రహ్మణ్యస్వామిని చూడాల్సి వచ్చిందిరా అబ్బోడా” అన్నారు. నిజంగానే వారం వారం కొండకు పోయి వచ్చేవారు. పుస్తకంలో ఆ ఏడాది ఆయన పేరు మళ్ళీ కనబడదు. ఆయన నాకు ఏడో తరగతిలో పద్యాలు చెప్పినవారు. డబ్బు తీసుకోకపోవడానికి కారణం అది.

తిరుత్తణి అనగానే ఆడి కృత్తిక గుర్తొస్తుంది. ఆ మూడు రోజులు నిద్ర ఉండేది కాదు. చిత్తూరు వైపు నుంచి, నగరి, పుత్తూరు వైపు నుంచి కావళ్ళతో జనం నడిచి వచ్చేవాళ్ళు, 1980ల నడుమ నుంచి మోపెడ్ల మీదా వచ్చేవాళ్ళు. జనంలో బండి నడవదు, ఈదుతుంది. గంటకు రెండు మైళ్ళ వేగంతో, కాలు నేలకు ఆనించుకుంటూ, ఇంజను ఆపకుండా పోతారు. వంద బండ్లలో ఇరవై ప్లగ్గు తడిసి ఆగిపోయేవి. నేను ఆ మూడు రోజులూ తిరుత్తణిలో రోడ్డు పక్కన గోనె పరచుకుని కూర్చునేవాణ్ణి. నా సరంజామా 21 నంబరు ప్లగ్గు స్పానరు, ఇత్తడి తీగల బ్రష్షు, సీసాలో కొంచెం పెట్రోలు, ఒక విరిగిన హ్యాక్సా బ్లేడు. బ్లేడు ఎందుకంటే దాని మందం సుమారు 0.6 మిల్లీమీటర్లు. ప్లగ్గు గ్యాప్ కావలసింది దాదాపు అంతే. ఫీలర్ గేజి ఉన్నా, రాత్రిపూట దీపం వెలుగులో వేలికి తగిలే బ్లేడే నమ్మకం. రవ్వకు వేళ చూపే పాయింటు ఉన్న పాత బండ్లకి దానికన్నా కొంచెం బిగుతుగా పెట్టేవాణ్ణి. పింగాణీ మీద ఉప్పు కాగితం రుద్దవద్దని ప్రతి కుర్రాడికీ చెప్పేవాణ్ణి. గీతలు పడితే మసి ఆ గీతల్లోనే కూర్చుంటుంది, ఇంక పోదు.

1985, 86లలో మా షాపు తీరు మారిపోయింది. హీరో హోండా సీడీ 100 వచ్చింది, యమహా ఆర్‌ఎక్స్ 100 వచ్చింది, దానికి ముందే హోసూరు నుంచి ఇండ్‌సుజుకి వచ్చింది. హీరో హోండా మొదటిసారి వచ్చిన రోజు నా 21 స్పానరు దాని ప్లగ్గుకు సరిపోలేదు. సన్న ప్లగ్గు. మర 14 మిల్లీమీటర్లది కాదు, 10 మిల్లీమీటర్లది. 16 స్పానరు కావాలి. ఆ రోజు బండిని తిప్పి పంపించి, మరునాడే మద్రాసు జనరల్ ప్యాటర్స్ రోడ్డుకు పోయి స్పానరు కొనుక్కున్నాను. ఫోర్ స్ట్రోకు ఇంజనులో ఆయిల్ విడిగా కింద ఉంటుంది, పెట్రోలుతో కలవదు. ప్లగ్గు ఏళ్ళ తరబడి శుభ్రంగా ఉండేది. పాల బండి ఆయన 1990లలో హీరో హోండా కొన్నాక, మా పరిచయం దాదాపు తెగిపోయింది.

ఆర్‌ఎక్స్ 100 గురించి ఒక తప్పు ఒప్పుకోవాలి. 1989. నగరి వైపు అబ్బాయి తిరుపతి పోతూ ఆగినాడు. అతని పాత ప్లగ్గు జపాను ఎన్‌జీకే, దాని మీద 8 అని ఉంది. నా దగ్గర ఆ కంపెనీది లేదు. మైకో డబ్బాలో 8 ఉన్నది కనబడింది. మర ఒకటే, పొడవు ఒకటే. వేసి పంపించినాను. ఎన్‌జీకేలో అంకె పెరిగేకొద్దీ ప్లగ్గు కోల్డ్. బాష్ కొత్త లెక్కలో అంకె పెరిగేకొద్దీ హాట్. ఒకరి 8 ఇంకొకరి 5తో సమానం. తెలిసిన సంగతే, ఆ రోజు తొందరలో తోచలేదు. పుత్తూరు దాటినాక పిస్టనుకు బొక్క పడింది. అతను లారీలో బండి ఎక్కించుకుని నా దగ్గరికే తిరిగి వచ్చినాడు, కోపంతో కాదు, నమ్మకంతో. పిస్టను, బోరు నా డబ్బుతో చేయించినాను. పుస్తకంలో ఆ రోజు పెద్ద అక్షరాలతో “8 అంటే 8 కాదు” అని రాసుకున్నాను.

మాకు ఈ గందరగోళం ఎక్కువే. ఎందుకంటే మైకో ప్లగ్గులకే పాత లెక్క వేరు. డబ్ల్యు 145, డబ్ల్యు 175, డబ్ల్యు 225 అని ఉండేవి. అందులో అంకె పెరిగితే కోల్డ్. తరువాత అవే 8, 7, 5 అయినాయి. 145 అన్నది 8, 175 అన్నది 7, 225 అన్నది 5. లెక్క తలకిందులు. ఛాంపియన్ ప్లగ్గుల్లో అంకె పెరిగితే హాట్. నేను గోడ మీద సుద్దతో నాలుగు గడులు గీసి పెట్టినాను, ఏ కంపెనీ ఏ అంకె ఏ అంకెకు సమానమో. గోడకు సున్నం కొట్టినప్పుడల్లా మళ్ళీ రాసేవాణ్ణి. షాపుకు వచ్చే కుర్రాళ్ళు పని కన్నా ముందు ఆ గోడ నేర్చుకోవాలి.

అప్పట్లో ఇంకొక ఫిర్యాదు ఉండేది. శుక్రవారం సాయంత్రం మద్రాసు దూరదర్శన్‌లో ఒళియుం ఒలియుం, సినిమా పాటలు. ఊరంతా టీవీ ఉన్న రెండు మూడు ఇళ్ళలోనే చేరేది. సరిగ్గా పాట మధ్యలో వీధిలో మోపెడ్ పోతే తెర మీద అడ్డంగా తెల్లని గీతలు, బరబరమని చప్పుడు. ప్లగ్గు నిప్పురవ్వ రేడియో తరంగంలా పరుచుకునేది. ఒక పెద్దమ్మ నా దగ్గరికి వచ్చి, “నాయనా, ఆ బండ్లకు ఏమన్నా చెయ్యి, ఒక పాటన్నా సాంతం చూడనీ” అని అడిగింది. రెసిస్టెన్స్ ఉన్న ప్లగ్గు క్యాపులు తెప్పించి, ఆ వీధిలోని బండ్లకు వేసినాను. ఇప్పటి ప్లగ్గుల పేర్లలో ఆర్ అనే అక్షరం చూస్తే నాకు ఆమే గుర్తొస్తుంది.

బండ్ల పక్కనే వేరే ఇంజన్లూ వచ్చినాయి. మామిడి తోటల్లో మందు కొట్టే ఆస్పీ పవర్ స్ప్రేయర్లు, వీపున తగిలించుకునేవి, టూ స్ట్రోకువి. 1980ల చివర నుంచి శ్రీరామ్ హోండా చిన్న జనరేటర్లు. ఈ జనరేటర్లలో కొన్ని పెట్రోలుతో స్టార్టయి, వేడెక్కినాక కిరసనాయిలు మీద నడిచేవి. మా పక్క ద్రౌపదమ్మ గుళ్ళలో భారతం జరుగుతుంది కదా, పద్దెనిమిది రోజులు. పగలు హరికథ, రాత్రి వీధినాటకం, చివర్న మట్టితో చేసిన దుర్యోధనుడి బొమ్మ, నిప్పుల గుండం. మైకు సెట్టుకీ ట్యూబులైట్లకీ ఈ జనరేటరే ఆధారం. ఒక ఏడాది ఆఖరి నాటకం రాత్రి, భీముడు గద ఎత్తి నిలబడ్డ చోట దీపాలు ఆరిపోయినాయి. మైకు సెట్టు కుర్రాడు అంతకుముందు జనరేటరును కిరసనాయిలు మీదే ఆపి, మళ్ళీ అట్లానే లేపినాడు. ఆపే ముందు ఒక నిమిషం పెట్రోలుకు మార్చాలి, లేకుంటే కార్బరేటరులో కిరసనాయిలే మిగిలి, చల్లటి ఇంజనులో అది ఆవిరి కాదు, ప్లగ్గును తడిపేస్తుంది. నేను నాటకం చూస్తున్న జనంలోనే ఉన్నాను. ప్లగ్గు విప్పి, పక్కనే టీ కాచే పొయ్యి మంటలో మొన ఎర్రబడే ముందు దాకా కాల్చి, చల్లారనిచ్చి, కార్బరేటరు కింది స్క్రూ విప్పి కిరసనాయిలు కార్చి, పెట్రోలు నింపి లాగినాను. మూడో లాగుడుకు లేచింది. అప్పటిదాకా భీముడి వేషగాడు గద దించకుండా చీకట్లో పద్యం పాడుతూనే ఉన్నాడు.

2000 ఫిబ్రవరి 1 నుంచి దేశమంతా సీసం లేని పెట్రోలు వచ్చింది. మద్రాసులాంటి పట్నాల్లో 1995 నుంచే మొదలైంది. పిల్లల మెదళ్ళకు, ఊపిరికి అది మంచిది, అందులో రెండో మాట లేదు. నా కంటికి మాత్రం కొత్త చదువు అయింది. పాత పెట్రోలులో సీసం వల్ల పింగాణీ మీద రంగు త్వరగా, స్పష్టంగా పడేది. కొత్త పెట్రోలుతో మంచి ఇంజను ప్లగ్గు కూడా వెలిసినట్టు కనబడుతుంది. చెనిక్కాయ తొక్క రంగు పోయి, ఉప్పుడు బియ్యం రంగుకు దగ్గరైంది. ఏడాది పాటు నాకు నేనే ఉస్తాదునై, ప్లగ్గులు కాగితం మీద పేర్చుకుని కూర్చున్నాను.

తరువాతి మార్పులు త్వరగా చెప్పవచ్చు. 2015లో టీవీఎస్ ఎక్స్‌ఎల్ 100 వచ్చి, మా మోపెడ్ కూడా ఫోర్ స్ట్రోకు అయింది. ఆయిల్ కలిపే పని పోయింది, పొగ పోయింది. 2020 ఏప్రిల్ 1న బీఎస్ 6 అనే పొగ నిబంధన వచ్చినాక ఆ మోపెడ్‌కు కార్బరేటరే పోయి ఇంజెక్షన్ వచ్చింది. ఎంత పెట్రోలు కావాలో అందులోని ఎలక్ట్రానిక్ పెట్టె లెక్కగట్టి పోస్తుంది. పాల బండి అయినా పూల బండి అయినా దానికి ఒకటే ప్లగ్గు. కిలోమీటర్లు చూసి మార్చడమే తప్ప ఎంచడం లేదు. షాపు నా కొడుకు చూసుకుంటున్నాడు. వాడికి ప్లగ్గు నంబరు ఫోనులో కనబడుతుంది, అది సరిగ్గానే ఉంటుంది.

నా దగ్గరికి ఇప్పుడు వచ్చేవి పొలం యంత్రాలు. గడ్డి కోసే మిషన్లు, కలుపు తీసే చిన్న టిల్లర్లు, పాత స్ప్రేయర్లు. వీటికి ఇంకా కార్బరేటర్లే. గడ్డి మిషను ప్లగ్గు పొట్టిది, 19 స్పానరు కావాలి. నా గూటిలో ఇప్పుడు మూడు స్పానర్లు వేలాడుతున్నాయి: 21, 16, 19.

పోయిన నెల ఒక ఆమె గడ్డి మిషను భుజాన వేసుకుని వచ్చింది. ఆవులకు చెరుకు తోట గట్టు గడ్డి తనే కోసుకుంటుంది. “అణ్ణా, పొద్దున్నే లేస్తుంది, ఎండ ఎక్కేసరికి ఆగిపోతుంది, ఏమో చూడు” అంది. ప్లగ్గు తీసినాను. ముగ్గుపిండి తెలుపు. పెట్రోలు ఎప్పుడు కొన్నావమ్మా అంటే, రెండు నెలల కిందట క్యానులో తెచ్చి పెట్టుకున్నానంది. ఇప్పటి పెట్రోలులో ఇరవై శాతం దాకా ఎథనాల్ ఉంటోంది. అది మా చెరుకు లాంటి చెరుకులోంచి, ధాన్యంలోంచి వచ్చేదే. దానిలో ఆక్సిజన్ ఉంటుంది కాబట్టి, పాత జెట్టు ఉన్న కార్బరేటరులో పెట్రోలు పాలు తగ్గినట్టు అవుతుంది, ఇంజను కాగుతుంది. నిలవ ఉంచితే గాలిలోని తేమను కూడా పీలుస్తుంది. ఒక మెట్టు కోల్డ్ ప్లగ్గు వేసి పంపడం సులభం. వేయలేదు. క్యానులోది పారబోయించి, కొత్త పెట్రోలులో టూ టీ ఆయిల్ కొలిచి కలిపి, కార్బరేటరు స్క్రూ కాలు చుట్టు తిప్పి కొంచెం పెట్రోలు పెంచి, అదే ప్లగ్గు తుడిచి బిగించినాను. వారం తరువాత ప్లగ్గు చూపించి పొమ్మన్నాను. ఆమె మరిచిపోకుండా వచ్చింది, కొంగున మూట కట్టుకుని ప్లగ్గు ఒక్కటే తెచ్చింది. మొన మీద లేత గోధుమ రంగు తిరిగింది.

పుస్తకంలో “ఆవుల గడ్డి మిషను, ప్లగ్గు మార్చలేదు” అని రాసి, పక్కనే మనవరాలి కోసం మిషను నంబరు కూడా వేసినాను.